ముప్పు ప్రకృతిది, ప్రమాదం మనిషిది: లావా సందర్శన యాత్రలు, తెలుగువారి నదీ విహారాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రవహించే లావాను దగ్గరగా చూపించే యాత్రలు నేడు అనేక దేశాల్లో పర్యాటకంలో భాగమయ్యాయి. వాటిలోని ఉల్లాసాన్నీ ముప్పునూ ఎలా తూచాలన్నది ఈ వ్యాసం చర్చించే మొదటి విషయం. తెలుగు నేలపై మండే అగ్నిపర్వతం లేదు. కానీ ప్రకృతికి చేరువగా వెళ్ళాలన్న కోరికకు తెలుగువారు కృష్ణ, గోదావరి, బియాస్ నదుల్లో మూల్యం చెల్లించారు. హవాయి, న్యూజిలాండ్, ఐస్‌లాండ్ అనుభవాలను ఈ మూడు నదుల ఘటనలతో పోల్చి, ఉల్లాసాన్ని అనుభవించేవారు ఒకరు, ముప్పును ఎరిగినవారు మరొకరు అయినప్పుడు తూకం ఎందుకు తప్పుతుందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. విద్యార్థులను విజ్ఞానయాత్రలకు తీసుకువెళ్ళే అధ్యాపకుల బాధ్యత ఇందులో ప్రధానంగా చర్చకు వస్తుంది.

కీలకపదాలు: ముప్పు, ప్రమాదం, సాహసం, లావా యాత్రలు, పవిత్ర సంగమం, కచ్చులూరు, బియాస్, విజ్ఞానయాత్ర.

1. ఉపోద్ఘాతం:

కొండపల్లి కోట నిలిచిన కొండల వరుసకు దిగువన ఇబ్రహీంపట్నం, దాని చెంత కృష్ణానది ఉన్నాయి. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి కాలువ ద్వారా వచ్చే గోదావరి జలాలు 2015 నుంచి ఇక్కడి ఫెర్రీ వద్ద కృష్ణలో కలుస్తున్నాయి. ఆ స్థలానికి పవిత్ర సంగమం అని పేరు పెట్టారు. నది అక్కడ విశాలంగా, చూపులకు ప్రశాంతంగా ఉంటుంది. 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారం సాయంత్రం, ఈ సంగమ ఘట్టానికి చేరువలోనే ఒక విహార పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు.

తరగతి గదిలో యాత్రాసాహిత్యం పాఠం సాగుతుండగా ఒక విద్యార్థి లావా ప్రవాహం పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్న పర్యాటకుల దృశ్యాల ప్రస్తావన తెచ్చాడు. “అంత ప్రమాదమని తెలిసీ ఎలా వెళ్తారు?” అన్నది అతని ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతికే క్రమంలో దాని పక్కనే మరో ప్రశ్న కూడా నిలిచింది. ప్రమాదమని తెలియకుండా ఫెర్రీ పడవ ఎక్కినవారి సంగతి ఏమిటి? నిప్పు దగ్గరికి వెళ్ళేవాడికి తాను నిప్పు దగ్గరికి వెళ్తున్నానని తెలుసు. కార్తికదీపాల వేళ నదిలోకి వెళ్ళినవారు తాము సాహసయాత్ర చేస్తున్నామని అనుకోలేదు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి పరిశీలిస్తేనే ఉల్లాసానికీ ముప్పుకూ మధ్య తూకం ఎలా ఉండాలో తెలుస్తుంది.

2. మాటల్లోని మర్మం:

ఈ చర్చలో తరచుగా వాడే మూడు మాటలను ముందుగా విడదీసి చూడాలి. మొదటిది ‘ప్రమాదం’. తెలుగులో దీనిని అపాయం, అనుకోని దుర్ఘటన అనే అర్థాల్లో వాడుతున్నాం. సంస్కృతంలో దీని అర్థం ఏమరుపాటు. అమరకోశం దీనికి అనవధానత అన్న అర్థమే చెబుతుంది. తెలుగులోని ‘అప్రమత్తత’ అనే మాట ఆ పాత అర్థాన్ని ఇప్పటికీ నిలుపుకొంది. అయితే ‘ప్రమాదవశాత్తు’ అన్నప్పుడు ఎవరి తప్పూ లేదన్న ధ్వని వినిపిస్తుంది. ఏమరుపాటును చెప్పే పదమే ఏమరుపాటును కప్పిపుచ్చే పదంగా మారడం గమనించదగిన అర్థపరిణామం.

రెండవది ‘సాహసం’. బలాన్ని చెప్పే ‘సహస్’ నుంచి ఈ మాట వచ్చింది. ధర్మశాస్త్రాల్లో సాహసం ప్రశంస కాదు, బలప్రయోగంతో చేసే నేరం. మనుస్మృతి పేర్కొన్న 18 వివాదపదాల్లో అది ఒకటి. ఆధునిక తెలుగులో అది మెచ్చుకోలు మాట అయింది. నేటి పర్యాటకం ఆ మాటను టిక్కెట్టుపై అచ్చువేసి అమ్ముతున్నది.

మూడవది ‘గండం’. పడవ మునిగినప్పుడు “నీటిగండం ఉంది, తప్పలేదు” అని పెద్దలు అంటారు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఆ మాట ఊరట కావచ్చు. కానీ పడవకు అనుమతి ఉందా, తొడుగులు ఇచ్చారా అన్న ప్రశ్నలను అది మధ్యలోనే ఆపేస్తుంది.

అందువల్ల ఈ వ్యాసంలో రెండు పదాలను వేరుచేసి వాడుతున్నాను. ప్రకృతిలో సహజంగా ఉన్న హాని చేయగల శక్తి ‘ముప్పు’. ఆ శక్తి ఎదుట మనిషి చూపిన ఏమరుపాటు ‘ప్రమాదం’. మరుగుతున్న లావా ముప్పు. ఆవిరి పేలుడు జరగవచ్చని తెలిసిన చోటికి ఆ సంగతి వివరించకుండా మనుషులను తీసుకుపోవడం ప్రమాదం.

3. లావా యాత్రలు – ఉల్లాసం ఎక్కడిది?

లావా యాత్రల ఆకర్షణను కేవలం పిచ్చి మోజుగా కొట్టివేయడం సరికాదు. భూమి తయారవుతున్న క్షణాన్ని కళ్ళారా చూడడం మానవుడికి దొరికే అరుదైన అనుభవాల్లో ఒకటి. హవాయి దీవుల్లోని కిలవేయా అగ్నిపర్వతం నుంచి వెలువడే బసాల్టు లావా ఉష్ణోగ్రత సుమారు 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఏటవాలు తక్కువగా ఉన్న నేలపై అది తరచుగా మనిషి నడక కన్నా మెల్లగా కదులుతుంది. నిప్పు కనిపిస్తుంది, వేడి తగులుతుంది, దాని దారి తెలుస్తుంది. వెనక్కి జరగడానికి వ్యవధి ఉంటుంది. ఈ కారణాల వల్లనే ఇటువంటి అగ్నిపర్వతాల వద్ద సందర్శన సాధ్యమైంది.

2021 మార్చి 19న ఐస్‌లాండ్‌లో రేక్యావిక్ నగరానికి చేరువలోని ఫాగ్రదాల్స్‌ఫ్యాల్ వద్ద లావా పొంగినప్పుడు ప్రజలు పెద్ద సంఖ్యలో కాలినడకన అక్కడికి వెళ్ళారు. అధికారులు నడకదారులు గుర్తించారు. రక్షణ దళాల స్వచ్ఛంద కార్యకర్తలు కాపలా ఉన్నారు. వాయువులు పేరుకున్నప్పుడు, వాతావరణం చెడినప్పుడు దారి మూసేశారు. ఏప్రిల్ 5న కొంత దూరంలో నేల చీలి కొత్తచోట లావా పైకి వచ్చింది. అక్కడున్నవారిని వెంటనే ఖాళీ చేయించారు. మనుషులు ఉన్న ప్రదేశంలోనే ముప్పు రూపం మార్చుకుంది, కానీ దాన్ని గమనించే కళ్ళూ, “వెళ్ళిపోండి” అని చెప్పగల అధికారం ఉన్నవారూ అక్కడే ఉన్నారు. ఉల్లాసం దక్కింది, ప్రాణాలూ దక్కాయి.

4. నిప్పు వెనుక నీరు:

లావా యాత్రల్లో జరిగిన రెండు ప్రసిద్ధ దుర్ఘటనలను పరిశీలిస్తే ఒక విచిత్రమైన విషయం తేలుతుంది. అక్కడ గాయపరిచింది కనిపించే నిప్పు కాదు, దానితో తలపడిన నీరు.

2018 మే నెలలో కిలవేయా దిగువ భాగంలో మొదలైన విస్ఫోటనంలో లావా సముద్రం దాకా పారింది. ఆ దృశ్యాన్ని పడవల నుంచి చూపించే యాత్రలు నడిచాయి. జూలై 16 వేకువన సముద్రంలో లావా కలిసేచోట పేలుడు సంభవించి, ఎగిరివచ్చిన లావా ముద్దలు ఒక పర్యాటక పడవపై పడ్డాయి. పడవ పైకప్పుకు రంధ్రం పడింది, 23 మంది గాయపడ్డారు. నీరు ఆవిరిగా మారినప్పుడు దాని పరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. లావా లోపల చిక్కిన నీరు ఒక్కసారి ఆవిరైతే అది బాంబు వలె పేలుతుంది. అక్కడ లేచే తెల్లని పొగ కూడా ఉత్త ఆవిరి కాదు. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సన్నని గాజు రేణువులు ఉంటాయి. లావా సముద్రంలో కలిసేచోటి నుంచి 300 మీటర్ల దూరం పాటించాలన్నది అక్కడి తీరరక్షక దళం నియమం. అనుభవం గల నిర్వాహకులు ప్రత్యేక అనుమతితో అంతకన్నా దగ్గరికి పోయే వెసులుబాటు ఉండేది. ఈ ఘటన తర్వాత ఆ వెసులుబాటు తొలగిపోయింది. మినహాయింపు ఎందుకు పుట్టిందో ఆలోచించాలి. ఎంత దగ్గరికి తీసుకుపోతే అంత గిరాకీ. దగ్గరితనమే సరుకు అయినప్పుడు దూరం పాటించడం నిర్వాహకుడికి నష్టం.

రెండవది న్యూజిలాండ్‌లోని వకారి ద్వీపం. 2019 డిసెంబరు 9 మధ్యాహ్నం అక్కడి అగ్నిపర్వతం పేలినప్పుడు దీవిపై 47 మంది ఉన్నారు. వారిలో 22 మంది మరణించారు, మిగిలినవారందరూ గాయపడ్డారు. అక్కడ లావా ప్రవహించలేదు. భూగర్భంలో బాగా వేడెక్కిన నీరు ఒక్కసారి ఆవిరై, బూడిదతో, రాళ్ళతో ఎగజిమ్మింది. ఇటువంటి పేలుడుకు ముందుగా స్పష్టమైన సూచన దొరకడం కష్టం. అయితే ఆ అగ్నిపర్వతంలో అలజడి పెరిగిందని శాస్త్రజ్ఞులు నవంబరు 18నే హెచ్చరిక స్థాయిని 2కు పెంచారు. విస్ఫోటనం మొదలుకాకముందు ఉండే స్థాయిల్లో అదే గరిష్ఠం. యాత్రలు మాత్రం ఆగలేదు. వచ్చినవారిలో ఎక్కువమంది ఒక విహార నౌకలో ప్రయాణిస్తూ ఆ రోజుకు ఈ దీవి యాత్రను ఎంచుకున్నవారు. హెచ్చరిక అంకె బహిరంగంగానే ఉంది. దాని అర్థం టిక్కెట్టు కొన్నవాడికి చేరిందా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న న్యాయస్థానాల్లోనూ తేలికగా తేలలేదు. పలు యాత్రా సంస్థలు నేరాన్ని అంగీకరించాయి. దీవి యాజమాన్య సంస్థను 2023లో దోషిగా నిర్ణయించగా, 2025లో ఉన్నత న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. దీవిలోకి రానిచ్చే అనుమతి ఇవ్వడమే తప్ప అక్కడి యాత్రలను ఆ సంస్థ స్వయంగా నడపలేదన్నది కీలకమైన వాదన. అనుమతించేవారు, నడిపేవారు, అమ్మేవారు, హెచ్చరించేవారు వేర్వేరుగా ఉన్నప్పుడు బాధ్యత వారి మధ్యలోనే జారిపోయే అవకాశం ఉందని ఈ వ్యాజ్యం చూపుతుంది.

5. మన నదుల సాక్ష్యం:

నీరే అసలు ముప్పు అయిన చోటు చూడడానికి తెలుగువారు సముద్రాలు దాటనక్కరలేదు. ఫెర్రీ ఘటనలో మరణించినవారిలో ఎక్కువమంది ఒంగోలు ప్రాంతం నుంచి విహారానికి వచ్చినవారు. వారికి కృష్ణానది పోకడ తెలియదు. ఏ పడవకు ఏ మార్గంలో అనుమతి ఉందో తెలుసుకునే సాధనమూ రేవులో లేదు. ఆ ప్రైవేటు పడవకు ఆ మార్గంలో తిరిగే అనుమతి లేదని, ప్రయాణికులకు రక్షక తొడుగులు ఇవ్వలేదని ఘటన తర్వాత వెలుగుచూసింది. పడవ ఎక్కేవారి తూకంలో ఒకవైపు సంగమ దర్శనం, హారతి, కుటుంబంతో గడిపే సాయంత్రం ఉన్నాయి. రెండోవైపు ఉండవలసిన సమాచారమేదీ లేదు. ఒక పళ్ళెం ఖాళీగా ఉన్న త్రాసుతో ఎవరు ఏమి తూచగలరు?

రెండేళ్ళు తిరగకముందే 2019 సెప్టెంబరు 15న గోదావరిలో దేవీపట్నం ఎగువన కచ్చులూరు వద్ద పాపికొండల విహారానికి వెళ్తున్న రాయల్ వశిష్ఠ పడవ మునిగింది. 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు, 26 మంది బయటపడ్డారు. నది వరదలో ఉన్న రోజులవి. కొండల నడుమ ఇరుకైన చోట గోదావరి లోతు, సుడులు ఎంతటివో ఆ దారిలో బతికేవారికి తెలుసు. నీటిలో ఉన్నవారిని మొదట అందుకున్నది కూడా నాటుపడవలతో వచ్చిన ఒడ్డుమీది గ్రామస్థులే. మునిగిన పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న వెలికితీసింది. నదిని ఎరిగినవారి విద్య అంతా దుర్ఘటన తర్వాతే పనికివచ్చింది. పడవ కదలడానికి ముందు “ఈ రోజు వద్దు” అని చెప్పే స్థానంలో వారికి చోటు లేదు. ఆ తర్వాత ప్రభుత్వం పడవల రాకపోకలపై నిఘాకు నియంత్రణ గదులను ఏర్పాటు చేయడం ఈ లోపాన్ని గుర్తించినట్లే.

మూడవ ఘటన అధ్యాపకులకు మరింత దగ్గరిది. 2014 జూన్ 8న హైదరాబాద్ శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్ మండీ జిల్లాలో బియాస్ నది రాళ్ళపైకి దిగి ఫొటోలు తీసుకుంటుండగా, ఎగువన లార్జీ జలాశయం నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న యాత్రా నిర్వాహకుడు కొట్టుకుపోయారు. వారు నిలబడినప్పుడు అక్కడ నీరు పలుచగా ఉంది. ముప్పు వారి కంటికి ఆనని దూరంలో, ఒక గేటు మీట దగ్గర ఉంది.

2016లో హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు ఒక్కొక్క విద్యార్థి తల్లిదండ్రులకు 20 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. అందులో విద్యుత్ బోర్డు 60 శాతం, కళాశాల యాజమాన్యం 30 శాతం, రాష్ట్ర ప్రభుత్వం 10 శాతం భరించాలని చెప్పింది. పోయిన ప్రాణాలకు ఇది వెల కాదు. కానీ ‘గండం’ అన్న మాట దగ్గర ఆగిపోయే చర్చను ఈ తీర్పు అంకెల్లోకి తెచ్చింది. గేటు తెరిచినవారి వాటా ఎంత, పిల్లలను తీసుకువెళ్ళినవారి వాటా ఎంత అని విడదీసి చెప్పింది. యాత్ర నిర్వహణను ఏజెన్సీకి అప్పగించినంత మాత్రాన విద్యాసంస్థ బాధ్యత తీరదని దీనినుంచి గ్రహించాలి.

6. తూకం ఎవరి చేతిలో?

పై ఘటనలను ఒకచోట చేర్చి చూస్తే ఉల్లాసం, ముప్పు అనే రెండింటినే తూచడం చాలదని తెలుస్తుంది. మూడు ప్రశ్నలు అదనంగా అడగాలి.

మొదటిది, ముప్పు మెల్లగా వస్తుందా, ఒక్కసారిగా వస్తుందా? నేలపై పారే లావా ముందు వెనుకడుగు వేయవచ్చు. ఆవిరి పేలుడు, జలాశయపు గేటు, వరద సుడి ఆ వ్యవధి ఇవ్వవు. ఒక్కసారిగా వచ్చే ముప్పు ఉన్నచోట యాత్రికుడి చురుకుదనాన్ని రక్షణగా లెక్కించకూడదు. అక్కడ దూరమే రక్షణ.

రెండవది, ముప్పును ఎరిగినవారు ఎవరు? యాత్రికుడు స్వేచ్ఛగా ఒప్పుకున్నాడన్నది నిర్వాహకులు తరచుగా చేసే వాదన. సమాచారం లేని ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. కళాశాలల్లో తల్లిదండ్రుల చేత సంతకం చేయించే అంగీకారపత్రం దీనికి దగ్గరి ఉదాహరణ. అందులో తేదీలు, రుసుము, క్రమశిక్షణ నియమాలు ఉంటాయి. పడవ ఎవరిది, నది ఏ స్థితిలో ఉంది, ఎగువన జలాశయం ఉందా అన్న వివరాలు సాధారణంగా కనిపించవు. ఆ పత్రం తల్లిదండ్రులకు తెలియజేయడానికా, సంస్థను కాపాడుకోవడానికా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

మూడవది, “వద్దు” అనే అధికారం ఎవరికి ఉంది? డబ్బు కట్టి వచ్చిన గుంపు ముందు యాత్ర ఆపడం నిర్వాహకుడికి కష్టం. తోటివారంతా ఎక్కుతున్నప్పుడు ఒక విద్యార్థి ఎక్కనని చెప్పడం అంతకన్నా కష్టం. కాబట్టి ఆ మాట అనవలసింది లాభంతో సంబంధం లేని మనిషి. విజ్ఞానయాత్రలో అటువంటి స్థానం అధ్యాపకుడిదే. తొడుగులు పడవలో ఉన్నాయా అని కాక, ప్రతి ఒక్కరూ కట్టుకున్నారా అని చూడడం, తలలు లెక్కపెట్టడం, అనుమతిపత్రం అడగడం, అనుమానం ఉంటే దిగిపొమ్మనడం ఆయన పని. దానివల్ల ఆ పూట విద్యార్థుల దృష్టిలో చేదు కావచ్చు. ఆ చేదును భరించడం వృత్తిధర్మంలో భాగం.

అలాగని యాత్రలు మానుకోవాలని ఈ వ్యాసం చెప్పడం లేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఇల్లు కదలకుండా ఉంటే తెలుగు యాత్రాసాహిత్యానికి కాశీయాత్ర చరిత్ర వంటి గ్రంథం దక్కేది కాదు. అయితే ఆ కాలపు యాత్రికుడికి కష్టం దారిలో ఎదురయ్యేది, దానిని తగ్గించుకోవడానికి పరివారాన్ని సిద్ధం చేసుకునేవాడు. నేటి సాహస పర్యాటకంలో ఆ కష్టపు అంచే అమ్ముడుపోయే సరుకు. సన్నాహం మాత్రం కొనుగోలుదారుడి చేతిలో లేదు.

లావానే చూడాలనుకునే విద్యార్థులకు దగ్గరలో మరో దారి ఉంది. భారతదేశంలో క్రియాశీలంగా ఉన్న ఏకైక అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ ద్వీపం. అక్కడ మనుషులు నివసించరు. కానీ సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి దక్కన్ లావా గోదావరి తీరంలోనే ఉంది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి, గౌరీపట్నం పరిసరాల్లో ఆ నల్లరాతి పొరలు, వాటి నడుమ శిలాజాలున్న పొరలు బయటపడ్డాయి. చాలాచోట్ల వాటిని కంకర కోసం తవ్వుతున్నారు. భూవిజ్ఞాన అధ్యాపకుని వెంటబెట్టుకుని, క్వారీ పని లేని వేళ అనుమతితో వెళ్తే, చల్లారిన లావాను చేత్తో తాకి చూడవచ్చు. కిలవేయా దగ్గర దొరికే ఒళ్ళు గగుర్పాటు ఇక్కడ దొరకదు. తాకుతున్న రాయి ఒకప్పుడు ప్రవహించిందన్న ఆశ్చర్యం దొరుకుతుంది. విజ్ఞానయాత్రకు అది చాలినంత ఉల్లాసం.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ‘ప్రమాదం’ అనే మాటకు ఏమరుపాటు అన్న మూలార్థాన్ని గుర్తుచేసుకుంటే, ప్రకృతి ముప్పునూ మానవ బాధ్యతనూ వేరుచేసి చూడడం సాధ్యమవుతుంది.

2. లావా యాత్రల్లో కనిపించే నిప్పు కన్నా కనిపించని ఆవిరి ఎక్కువ హాని చేసింది. మన నదుల్లోనూ ప్రశాంతంగా కనిపించిన నీరే ప్రాణాలు తీసింది. కంటికి కనిపించే భయాన్ని బట్టి ముప్పును అంచనా వేయకూడదు.

3. ముప్పు గురించిన జ్ఞానం యాత్రికుడికి చేరని చోట అతని ఎంపికను స్వేచ్ఛగా చేసిన ఎంపిక అనలేము.

4. యాత్రను ఆపగల అధికారం లాభంతో సంబంధం లేని వ్యక్తికి ఉండాలి. విద్యాయాత్రల్లో ఆ బాధ్యత అధ్యాపకుడిది.

ఫెర్రీ ఘాట్‌లో నేటికీ కార్తికదీపాలు వెలుగుతాయి, జనం వస్తారు, రావాలి కూడా. పడవలో కాలు పెట్టేముందు ఒక్క ప్రశ్న అడిగే అలవాటు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన మనిషి రేవులో ఉండడం – ఈ రెండూ కుదిరితే నది అందం ఏమీ తగ్గదు. తరగతిలో ఆ విద్యార్థి వేసిన ప్రశ్నను కొద్దిగా మార్చి మనకే వేసుకోవాలి: ప్రమాదమని తెలిసినవారు తెలియనివారిని ఎలా తీసుకువెళ్తారు?